ఐస్ ఆన్ ద ప్రైజ్: అక్కడ ఉన్నవాళ్లే మాట్లాడిన డాక్యుమెంటరీ

అమెరికా నల్లజాతి ప్రజల పౌరహక్కుల పోరాటంపై వచ్చిన టీవీ డాక్యుమెంటరీల్లో ఉద్యమకారులు తప్పక చూడాల్సింది 'ఐస్ ఆన్ ద ప్రైజ్'. పీబీఎస్‌లో 1987లో ఆరు భాగాలు, 1990లో మరో ఎనిమిది ప్రసారమయ్యాయి. బోస్టన్‌లోని బ్లాక్‌సైడ్ సంస్థ దీన్ని తీసింది. దాని వ్యవస్థాపకుడు హెన్రీ హాంప్టన్ 1965లో సెల్మా ఊరేగింపులో నడిచినవాడే. 1972లో మన దళిత్ పాంథర్స్ ఎవరి పేరును స్ఫూర్తిగా తీసుకున్నారో ఆ బ్లాక్ పాంథర్ల కథ కూడా రెండో సిరీస్‌లో ఉంది. అయితే ఇక్కడ మనం చూసేది కథను కాదు, చెప్పిన తీరును.

ముఖ్యమైన సంగతి, ఎవరు మాట్లాడాలన్నది. చరిత్రకారులు షూటింగుకు ముందు సిబ్బందికి పాఠాలు చెప్పారు, తెర మీదికి మాత్రం రాలేదు. కెమెరా ముందు కూర్చున్నది ఆ ఘటనల్లో ఉన్నవాళ్లే. మన చానెళ్ల చర్చల్లో దాడి జరిగిన వాడ తప్ప అందరూ మాట్లాడతారు కదా! ఇక్కడ అవతలి పక్షాన్నీ వదల్లేదు. అప్పటి సెల్మా మేయర్ జోసెఫ్ స్మిదర్‌మన్ తన మాట తానే చెప్పుకుంటాడు. ఆ మాటల పక్కన పాత దృశ్యం పెడితే చాలు, వేరే ఖండన అక్కర్లేదు. వ్యాఖ్యానం చెప్పిన జూలియన్ బాండ్ కూడా విద్యార్థి ఉద్యమ సంస్థ ఎస్‌ఎన్‌సీసీ స్థాపకుల్లో ఒకడు. ఎక్కడా గొంతు పెంచడు.

ఆరో భాగంలో ఒక సన్నివేశాన్ని విద్యార్థులు ఆపి ఆపి చూడాలి. ఓటు నమోదుకు జనాన్ని తీసుకొచ్చిన సి.టి. వివియన్ కోర్టు మెట్ల మీద షెరీఫ్ జిమ్ క్లార్క్‌ను నిలదీస్తాడు. దెబ్బ పడుతుంది, కింద పడతాడు, లేచి మళ్లీ మాట్లాడతాడు. ఇదంతా అప్పటి వార్తా కెమెరాలు తీసిందే. ఇరవై ఏళ్లు పెద్దవాడైన అదే వివియన్ ఆ రోజు గురించి నింపాదిగా చెబుతాడు. సాక్ష్యమూ సాక్షీ ఒకేచోట ఉన్నాయి. నటులతో మళ్లీ తీసిన దృశ్యానికి ఈ బలం రాదు.

పాటలు కూడా అంతే. సినిమా పేరే ఒక ఉద్యమ పాట నుంచి వచ్చింది.

ఇంత పనీ కొన్నేళ్లు మరుగున పడిపోయింది. పాత దృశ్యాలు, ఫొటోలు, పాటల హక్కులు కొద్ది కాలానికే కొన్నారు. 1990ల మధ్యకు ఆ గడువులు తీరిపోవడంతో ప్రసారం ఆగింది. హాంప్టన్ 1998లో చనిపోయాడు. ఫోర్డ్ ఫౌండేషన్ వంటివారి డబ్బుతో హక్కులు మళ్లీ కొన్నాకే 2006లో పీబీఎస్ మొదటి సిరీస్‌ను తిరిగి చూపించింది. తమ ఒంటి మీద పడిన దెబ్బల దృశ్యాలకు ఆ జనం యజమానులు కాదు.

వాడల్లో ఫోన్లతో చిత్రీకరిస్తున్న మన పిల్లలకు ఇది దూరపు సంగతి కాదు. వీడియో చానెల్‌కు ఇచ్చేముందు అసలు ఫైలు మన దగ్గర ఉంచుకోవాలి. మాట్లాడినవారి, పాడినవారి అనుమతి ఆ రోజే కాగితం మీద తీసుకోవాలి.