సికేచర్, రోజ్‌క్యాన్, లాన్‌మోవర్: ఇంటి తోట పనిముట్ల పుట్టుక

ఇంటి తోటలో ఈనాడు చేతికి తీసుకునే సామానులో చాలా భాగం గత రెండు శతాబ్దాల్లో పుట్టిందే. అంతకు ముందు పొలంలో తిరిగే కత్తి, కొడవలి, పారలే తోటలోకీ వచ్చేవి. పెద్ద తోటలున్న ఇళ్లలో వాటిని పట్టేది యజమాని కాదు, తోటమాలో కూలీయో. అందుకని పనిముట్టు బరువుగా ఉన్నా, దాన్ని వాడటానికి ఏళ్ల అలవాటు కావలసివచ్చినా, కొనేవాడికి అది తెలిసేది కాదు. 19వ శతాబ్దంలో యూరప్ పట్టణాల శివార్లలో చిన్న చిన్న తోటలు వెలిసి, ఇంటివాళ్లే మట్టిలోకి దిగాక, తోట సామాను తేలికపడింది. నేర్పు లేనివాళ్ల చేతికి కూడా లొంగేలా తయారైంది.

కొమ్మలు కత్తిరించే పనిలో ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. క్రీస్తుశకం 1వ శతాబ్దపు రోమన్ రచయిత కొలుమెల్లా తన వ్యవసాయ గ్రంథంలో ద్రాక్షతోట కత్తిని అంగం అంగంగా వర్ణించాడు. ఒకే ఇనుప రేకులో ఆరు భాగాలు. పిడి పక్కనున్న నిటారు అంచుతో ముందుకు నెట్టి కోస్తారు. దాని పైనున్న వంపుతో తనవైపు లాగి కోస్తారు. కోసిన చోటును నునుపు చేయడానికి మరో అంచు, కొక్కెంలా తిరిగిన ముక్కు, వీపున చిన్న గొడ్డలి, ఇరుకు సందుల్లో దూర్చి శుభ్రం చేయడానికి మొన. ఇంత తెలివైన పనిముట్టు ప్రాచీన ప్రపంచంలో అరుదు. ఇలాంటి వంపు కత్తులు యూరప్ ద్రాక్షతోటల్లో వందల ఏళ్లు నిలిచాయి. అయితే లాగి కోసే కత్తి తప్పితే పక్క మొగ్గ తెగుతుంది, లేదా చేయి తెగుతుంది. ఎంత వంపు తిప్పాలో, ఎంత బలం పెట్టాలో మణికట్టుకు తెలిసి ఉండాలి.

ఆ నేర్పు అక్కర్లేకుండా చేసింది సికేచర్. దీన్ని కనిపెట్టినవాడిగా పేరుపొందిన బెర్‌ట్రాన్ ద మోల్‌విల్ తోటమాలి కాదు, ఫ్రాన్సు రాజు 16వ లూయీ దగ్గర నౌకాశాఖ మంత్రి. విప్లవం రోజుల్లో ఇంగ్లండుకు పారిపోయి, రాచరికం మళ్లీ వచ్చాక స్వదేశం చేరాడు. ఈ కత్తెర పుట్టుకను 1815 ప్రాంతానికి చెబుతారు. ఒకవైపు పదునైన వంపు కత్తి, రెండోవైపు కొమ్మను పట్టి ఉంచే కొక్కెం, రెండు పిడుల మధ్య నొక్కి వదిలితే తెరుచుకునే స్ప్రింగు. బొటనవేలంత కొమ్మ ఒక్క నొక్కుతో తెగిపోతుంది. ద్రాక్షరైతులు దీన్ని వెంటనే ఒప్పుకోలేదు. కత్తి కోస్తుందిగాని కత్తెర నలుపుతుందని వాళ్ల అభ్యంతరం. అది వట్టి మొండితనం కాదు. కొక్కెం ఆనిన వైపు బెరడు నిజంగానే కొంత నలుగుతుంది. నలిగిన చోట గాయం ఆలస్యంగా మానుతుంది, కుళ్లు పట్టే వీలూ ఉంటుంది. దీనికి విరుగుడుగా వచ్చిన పద్ధతి ఇప్పటికీ చెల్లుతుంది: కత్తి అంచు చెట్టు మీద మిగిలే భాగం వైపు, కొక్కెం తెగి పడిపోయే ముక్క వైపు ఉండాలి. దిమ్మ లాంటి చదును రేకు మీదికి కత్తి దిగే రకం ఎండుకొమ్మలకు మంచిదే, పచ్చికొమ్మలకు మాత్రం పనికిరాదు.

1945లో స్విట్జర్లాండులో ఫెలిక్స్ ఫ్లిష్ ప్రారంభించిన ఫెల్కో సంస్థ తేలికైన అల్యూమినియం పిడులు తెచ్చింది. అంతకన్నా మేలైన పని, కత్తి, స్ప్రింగు, మర దేనికదే విప్పి మార్చుకునేలా చేయడం. సికేచర్ కొనేటప్పుడు మెరుపు చూడటం కన్నా ఆ మరను విప్పవచ్చో లేదో చూడటం మంచిది. హైదరాబాదు చుట్టుపక్కల ద్రాక్షతోటల్లో ఏటా రెండు కత్తిరింపులుంటాయి: ఎండాకాలంలో ఒకటి, వానలు తగ్గాక ఒకటి. ఒక్కో కత్తిరింపుకు వేల కొమ్మలు కోయాలి. అంత పనిలో కత్తి అరగడం మామూలే. కత్తి అరిగినప్పుడల్లా కత్తెరనే పారేయవలసివస్తే అది చవకదైనా ఖరీదైనదే.

నీళ్లు పోయడానికి 16, 17వ శతాబ్దాల ఇంగ్లండులో ఒక మట్టి కుండ వాడేవారు. అడుగున సన్నని రంధ్రాలు, పైన ఇరుకైన మెడ, మెడ చివర ఒకే బెజ్జం. కుండను నీళ్లలో ముంచి నింపి, పై బెజ్జాన్ని బొటనవేలితో మూస్తే గాలి లోపలికి పోక నీళ్లు నిలిచిపోతాయి. వేలు తీస్తే అడుగు నుంచి జల్లుగా పడతాయి. మొలకల మీద పోయడానికి ఇంతకన్నా సున్నితమైనది అప్పట్లో లేదు. తరవాత రాగి, తగరపు రేకు డబ్బాలు వచ్చాయి. ఎక్కువ నీళ్లు పట్టేవిగాని, నిండా నింపితే ముందుకు తూగి కాళ్ల మీద ఒలికేవి.

ఆ తూకాన్ని సరిచేసినవాడు జాన్ హాస్ అనే ఆంగ్లేయుడు. మారిషస్‌లో ఉద్యోగం చేస్తూ సరదాగా వెనిల్లా పెంచేవాడు. ఫ్రెంచి పద్ధతి డబ్బాతో విసిగిపోయి కొత్తది రూపొందించాడు. 1886లో దానికి పేటెంటు పొందాడు. మోయడానికి పైన ఒక పిడి, వంచడానికి వెనక మరొకటి, ముందు పొడవాటి గొట్టం. నిండుగా ఉన్నా డబ్బా చేతిలో నిటారుగా వేలాడుతుంది. గొట్టం చివరి జల్లెడ మూతి ఆకాశం వైపు తిరిగి ఉంటుంది. నీరు పైకి లేచి, వేగం తగ్గి, చినుకులుగా వాలుతుంది. మూతి కిందికి తిరిగిన డబ్బాలో ధార సూటిగా తగిలి నారు పడిపోతుంది, గింజ మీది మట్టి కొట్టుకుపోతుంది. మన నారుమళ్లకు ఇలా జల్లెడ మూతి ఉన్న రోజ్‌క్యాన్‌తోనే తడి పెట్టాలని చెప్పేదీ అందుకే.

తోట యంత్రాల్లో పెద్ద మలుపు మాత్రం ఒక బట్టల లోయలో వచ్చింది. ఇంగ్లండు గ్లాస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్ ప్రాంతం ఉన్నిబట్టకు పేరుపడ్డది. నేసిన ఉన్నిబట్టను ఎండిన ముళ్లకాయలతో గీరి నూగు లేపుతారు. ఆ నూగును సమంగా కత్తిరిస్తేనే బట్ట నునుపు తేలుతుంది. ఆ పనికి మిల్లుల్లో మెలితిరిగిన కత్తులు బిగించిన ఉరుళ్ల యంత్రం ఉండేది. అక్కడి మెకానిక్ ఎడ్విన్ బడ్డింగ్‌కు దాన్ని చూసి గడ్డి గుర్తొచ్చింది. 1830 ఆగస్టు 31న పచ్చిక కోసే యంత్రానికి పేటెంటు పొందాడు. భాగస్వామి జాన్ ఫెరాబీ థ్రప్ గ్రామంలోని తన ఫౌండ్రీలో దాన్ని తయారుచేయించాడు. కోత వెడల్పు 19 అంగుళాలు. వెనకనున్న బరువైన రోలరు నేల మీద దొర్లుతుంటే పళ్లచక్రాలు ఆ తిరుగుడును ఎన్నో రెట్లు పెంచి కత్తుల ఉరులుకు అందిస్తాయి. తెగిన గడ్డి ముందున్న తట్టలో పడుతుంది. ఒకరు వెనక నుంచి నెడితే, అవసరమైతే మరొకరు ముందు నుంచి లాగేవారు.

అంతకు ముందు పచ్చికను పొడవాటి కర్ర బిగించిన పెద్ద కొడవలితో కోసేవారు. గడ్డి తడిగా ఉంటేనే ఆ కొడవలికి నిలుస్తుంది. కనుక కోతగాళ్లు మంచు ఆరకముందే, తెల్లవారుజామున దిగాలి. కోసినదాన్ని ఊడ్చడానికి ఇంకొందరు. ఇంత మందిని పోషించగల ఇంట్లోనే పచ్చిక ఉండేది. బడ్డింగ్ యంత్రం పొడి గడ్డి మీదే బాగా నడుస్తుంది, నేర్పు అడగదు. పల్లెపట్టు పెద్దమనుషులకు ఇది సరదా, మంచి వ్యాయామం అని పేటెంటులోనే రాసుకున్నాడు. లండన్ రీజెంట్స్ పార్కులోని జంతుప్రదర్శనశాల తొలి కొనుగోలుదారుల్లో ఒకటి. 1832లో ఇప్స్‌విచ్‌కు చెందిన రాన్సమ్స్ సంస్థ తయారీ హక్కు పొందింది. 1840లలో స్కాట్లండులో షాంక్స్ సంస్థ పోనీ గుర్రం లాగే యంత్రం తెచ్చింది. గిట్టలు పచ్చికలో దిగబడకుండా ఆ గుర్రాలకు తోలు బూట్లు తొడిగేవారు. 1859లో లీడ్స్‌లో థామస్ గ్రీన్ పళ్లచక్రాల బదులు గొలుసు పెట్టి మోత తగ్గించాడు. 1870లలో లాన్ టెన్నిస్ ఇంటింటి ఆటగా వ్యాపించడానికి కారణాల్లో ఈ యంత్రం ముఖ్యమైనది. బంతి సమంగా లేచేంత పొట్టి, చదును గడ్డి లేకుంటే ఆ ఆట లేదు. 1902లో రాన్సమ్స్ పెట్రోలు యంత్రం అమ్మకానికి పెట్టింది.

తవ్వే పని ఇంటివాళ్ల చేతికి వచ్చిన తీరు జేన్ లౌడన్ పుస్తకంలో కనిపిస్తుంది. తోటశాస్త్ర రచయిత జాన్ లౌడన్‌ను పెళ్లాడేదాకా ఆమెకు తోట పని రాదు. రాకపోవడమే ఆమె రచనకు బలమైంది, నిపుణులు చెప్పకుండా వదిలేసే సంగతులు ఆమె చెప్పింది. 1840లో వెలువడిన ఆ పుస్తకం ఆడవాళ్లకు తవ్వడం నేర్పడంతో మొదలవుతుంది. పార తేలికగా ఉండాలి, కర్ర పిడికిట్లో ఇమిడేంత సన్నగా, నునుపుగా ఉండాలి, చేతికి తొడుగులు, పాదం కింద చిన్న ఇనుప రేకు. ఆ రేకు అవసరం యూరప్ పారతో వచ్చింది. దాన్ని నిటారుగా నిలిపి పాదంతో తొక్కి దించుతారు. దక్కన్‌లో పార అలా ఉండదు. రేకు కర్రకు అడ్డంగా వంగి ఉంటుంది, నడుం వంచి ఎత్తి వేసి మట్టిని తనవైపు లాక్కుంటారు. బూటు లేని కాలికి సరిపడే పద్ధతి ఇదే. గట్టి నేలను ముందు గునపంతో పెళ్లగిస్తారు, కలుపుకు బొరిగె వాడతారు. వీటిని ఊరి కమ్మరి ఆ ఊరి నేలను బట్టి సాగదీసి, వంచి, పదును పెట్టేవాడు. బజారు పారకు ఆ సౌలభ్యం లేదు, నల్లరేగడికీ ఎర్రచల్కకూ ఒకే రేకు అమ్ముతారు.

నీటి పైపు దారి వేరు. 1670లలో ఆమ్‌స్టర్‌డాంలో యాన్ ఫాన్ డెర్ హైడెన్ మంటలార్పడానికి తోలు గొట్టాలు వాడుకలోకి తెచ్చాడు. 1839లో చార్లెస్ గుడియర్ రబ్బరును గంధకంతో కాచి గట్టిపరిచే విధానం కనుక్కున్నాక రబ్బరు గొట్టం, ఆ తరవాత ప్లాస్టిక్ పైపు తోటలకు చేరాయి. మళ్లీ గడ్డి కోతకు వస్తే, నైలాను తాడుతో గడ్డి కొట్టే ట్రిమ్మర్ 1971 నాటిది. అమెరికాలో హ్యూస్టన్‌కు చెందిన జార్జ్ బల్లాస్, కార్లు కడిగే చోట గిరగిరా తిరిగే బ్రష్షులను చూసి, ఒక డబ్బాకు చేపల గాలం తాడు గుచ్చి మొదటిది తయారుచేశాడు. చెట్టు మొదళ్ల చుట్టూ, గోడ వారన కత్తి దూరని చోట అది బాగా పనిచేస్తుంది. కాని లేత మొక్కకు తాడు తగిలితే బెరడు చుట్టూ తెగి మొక్క చచ్చిపోతుంది.

హైదరాబాదు, విజయవాడ, విశాఖల్లో పెరుగుతున్న మిద్దె తోటలకు ఈ యంత్రాల్లో చాలావాటితో పని లేదు. కుండీలకు బొరిగె, సికేచర్, రోజ్‌క్యాన్ చాలు. మెట్లెక్కి మోయాలి కనుక పది లీటర్ల డబ్బా ఒకటి కన్నా అయిదు లీటర్లవి రెండు, చెరో చేతికి ఒకటి, నడుముకు సుఖం. కుండీలు యాభై దాటితే మోత మానేసి డ్రిప్పు వేసుకుంటున్నారు. 1965లో ఇజ్రాయెల్‌లోని హత్సెరీమ్ కిబ్బుట్జ్ అనే ఉమ్మడి సేద్యపు ఊళ్లో నెటాఫిమ్ సంస్థ మొదలుపెట్టిన ఈ పద్ధతికి మూలం సిమ్ఖా బ్లాస్ అనే ఇంజనీరు ఆలోచన. కారుతున్న కుళాయి పక్కన ఒక చెట్టు మిగతావాటికన్నా ఏపుగా ఎదగడం ఆయన గమనించాడు. మిద్దె మీద ఓవర్‌హెడ్ ట్యాంకు ఎత్తు నుంచే చిన్న డ్రిప్పు నడుస్తుంది. బోరునీటిలోని సున్నం సన్న రంధ్రాలను పూడ్చేస్తుంది కనుక, మొదట్లో బిగించిన జాలీ ఫిల్టరును వారానికోసారి విప్పి కడగాలి.