ముల్లు చూపే ఉత్తరం

సియాటిల్ చుట్టుపక్కల అడవుల్లో దిక్సూచి పట్టుకుని నడిచే మనవాళ్ళు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. ముల్లు చూపేది అసలు ఉత్తరం కాదు, దానికి సుమారు 15 డిగ్రీలు తూర్పు. పటం మీద 90 డిగ్రీలని కొలిస్తే, దిక్సూచి మీద 75 పెట్టుకుని నడవాలి. హైదరాబాదులో ఈ తేడా మహా అయితే ఒక డిగ్రీ. మన బళ్ళో ఈ గొడవ చెప్పకపోవడానికి అదే కారణం కాబోలు!

సూదంటురాయితో రుద్దిన సూది సరిగ్గా దక్షిణం చూపదని, కాస్త తూర్పుకి వాలుతుందని చైనా పండితుడు షెన్ కువో 1088 ప్రాంతంలోనే రాశాడు. 1492 సెప్టెంబరులో నడిసముద్రంలో ముల్లు పడమరకి జరగడం చూసి కొలంబస్ నావికులు హడలిపోయారు. కదిలింది ముల్లు కాదు, ధ్రువ నక్షత్రమని ఆయన సర్దిచెప్పాడు. ఒట్టి బుకాయింపేం కాదు. ఆ రోజుల్లో మన ధ్రువుడు ధ్రువానికి మూడు డిగ్రీలకి పైగా ఎడంగా ఉండి, దాని చుట్టూ తిరిగేవాడు. తోకచుక్క హాలీ ఓడెక్కి ఈ తేడాలు కొలిచి, 1701లో అట్లాంటిక్ పటం మీద గీతలుగా గీశాడు.

చిక్కేమిటంటే, ఆ గీతలు నిలవవు. 1831లో జేమ్స్ రాస్ కెనడా ఉత్తరాన కనుక్కున్న అయస్కాంత ధ్రువం ఇప్పుడు సైబీరియా వైపు సాగిపోతోంది. 1970లో సియాటిల్ తేడా 22 డిగ్రీలు. ఆనాటి పటం అంచున ఉన్న అంకెని నమ్మి ఇవాళ కిలోమీటరు నడిస్తే 120 మీటర్లు పక్కకి తేలతాం. దట్టమైన అడవిలో వంతెన తప్పిపోవడానికి అంత దూరం చాలు.