మీటరు లెక్క – ఇంజను లెక్క

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. రాజుల గురించి, కోటల గురించి వ్రాయగలవారు మనలో చాలామందే ఉన్నారు. నేను ముప్పై ఆరేళ్ల సర్వీసులో ఎక్కువ కాలం చేతపట్టుకున్నవి లాగ్‌బుక్కులు గనుక వాటి వైపు నుంచే నాలుగు మాటలు వ్రాస్తాను.

మాడుగులపల్లి, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట వైపు ఉన్న మన సభ్యుల ఇళ్ల ముందు ఇప్పుడు కార్లు కనబడుతున్నాయి. చాలావరకు పిల్లలు కొనిపెట్టినవే. ఏడాదికి రెండు మూడు వేల కిలోమీటర్లు తిరిగితే ఎక్కువ. ఏడాది నిండగానే సర్వీసుకు తెమ్మని ఫోన్లు వస్తాయి. అమెరికాలో ఉన్న కొడుకేమో, "నాన్నా, మా కారు ఆయిల్ ఎప్పుడు మార్చాలో అదే చెబుతుంది. మీటరు తిరగకుండా సర్వీసు దేనికి?" అంటాడు. పెన్షన్‌లోంచి ఐదారు వేలు పెట్టాలా, ఆగాలా? గడువు ప్రకారం చేయించడమా, బండి వాడకాన్ని బట్టి చేయించడమా అన్న ఈ తగవు కొత్తదని పిల్లలు అనుకుంటారు గాని, మన ఆఫీసుల్లో ఇది ఎప్పటినుంచో ఉన్నదే.

మన తరం సర్కారు ఆఫీసుల్లో ఎక్కువగా చూసిన వాహనం జీపు. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం పుట్టిన బండి అది. యుద్ధం ముగిశాక మహీంద్రా వారు మన దేశంలో బిగించి అమ్మసాగారు. అమెరికా యుద్ధ శాఖ 1944లో వేసిన జీపు పుస్తకంలో గడువులు స్పష్టంగా ఉన్నాయి. వెయ్యి మైళ్లకు లేదా నెలకు ఒక తనిఖీ, ఆరు వేల మైళ్లకు లేదా ఆరు నెలలకు మరొక పెద్ద తనిఖీ. సైన్యంలో బండి ఇవాళ ఒకరి చేతిలో, రేపు మరొకరి చేతిలో. నడిపేవాడు వేరు, బాగుచేసేవాడు వేరు. బండి ఎంత కష్టపడిందో తెలిసిన మనిషి ఉండడు గనుక అందరికీ ఒకే గడువు పెట్టారు. అయితే ఆయిల్, గ్రీజు విషయంలో మరో మాట కూడా చేర్చారు. ఆ గడువులు మామూలు వాడకానికి మాత్రమే, దుమ్ము, ఇసుక ఎక్కువైన చోట తగ్గించుకోవాలి అని. అంటే మారని గడువూ, మారే గడువూ రెండూ ఆనాడే పక్కపక్కనే ఉన్నాయన్నమాట.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. నేను 1972లో ఎడమ కాలువ పనులు చూసే ఒక డివిజన్ ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. వాహనాల సీటు నాకు అంటగట్టారు. లాగ్‌బుక్కులో తేదీ, ఎక్కడి నుండి ఎక్కడికి, బయలుదేరినప్పటి రీడింగు, తిరిగి వచ్చినప్పటి రీడింగు, పోసిన పెట్రోలు, ఆఫీసరుగారి సంతకం – ఇవే గళ్లు. ఇంజను ఎంతసేపు నడిచిందో వ్రాసే గడి లేదు.

ఎండాకాలంలో కాలువ కట్టేసినప్పుడు మరమ్మతుల పనులు జరిగేవి. జీపు పొద్దస్తమానం కట్ట మీద మొదటి గేరులో, రెండో గేరులో పాకేది. తూముకొక చోట ఆగేది. ఆపితే మళ్లీ స్టార్టవుతుందో లేదోనన్న భయంతో డ్రైవరు ఇంజను ఆపేవాడు కాదు. సాయంత్రానికి రీడింగు చూస్తే పాతిక, ముప్పై కిలోమీటర్లు. ఎర్రమట్టి దుమ్ము మాత్రం సీటు కింద దోసిళ్లతో ఎత్తేయవచ్చు. మా డ్రైవరు వచ్చి, "సార్, మీటరు తిరగలేదు గాని ఇంజను తిరిగింది. ఆయిల్ నల్లటి తారైంది, ఇండెంటు పెట్టండి" అనేవాడు. నిర్ణయించిన కిలోమీటర్లు కాకుండా ఆయిల్ మారిస్తే ఆడిట్ వారు అభ్యంతరం వ్రాస్తారు. అందుకని లాగ్‌బుక్కు చివరి పేజీల్లో నేనే చేత్తో గీతలు గీసి, కట్ట మీద గడిపిన గంటలు వ్రాయించి, ఆఫీసరుగారి చేత పొట్టి సంతకం పెట్టించేవాడిని. ఆ కాగితం చూశాక ఆడిట్ వారు ఆ పద్దు జోలికి రాలేదు. మా వంటి గుమాస్తాకు అంతకు మించిన విజయం ఏముంటుంది!

ఆర్.టి.సి. సంగతి వేరు. 1932లో నిజాం స్టేట్ రైల్వే వారి రోడ్డు రవాణా శాఖగా 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలై, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ అయింది. బస్సు రోజూ అదే రూటులో ఇంచుమించు అన్నే కిలోమీటర్లు తిరిగి డిపోకు చేరుతుంది. అటువంటి చోట రోజువారీ తనిఖీ, వారానికొకటి, ఆపైన కిలోమీటర్ల లెక్కన మరొకటి అన్న పద్ధతి చక్కగా అమరుతుంది. అక్కడ కిలోమీటరే కష్టానికి కొలత.

రైల్వే వారు ఇంకొక మెట్టు పైకెళ్లారు. డీజిలు ఇంజనులోంచి కొద్దిగా ఆయిల్ తీసి ప్రయోగశాలలో పరీక్షించి, అందులో ఇనుము, రాగి వంటి లోహాల రజను ఎంత ఉందో చూస్తారు. దాన్నిబట్టి లోపల ఏ భాగం అరుగుతున్నదో విప్పకుండానే తెలుస్తుంది. అమెరికాలో ఒక రైలు కంపెనీ 1940లలో మొదలుపెట్టిన ఈ పరీక్షను మన డీజిలు షెడ్లు కూడా అనుసరించాయి.

ఇక మన రైతును అడగండి. ట్రాక్టరు ఎన్ని కిలోమీటర్లు నడిచిందని అతడు చెప్పడు, ఎన్ని గంటలు నడిచిందో చెబుతాడు. దాని మీటరే గంటల మీటరు. మడిలో కేజ్‌వీల్స్‌తో దమ్ము చేసే బండికి కిలోమీటర్ల లెక్క అర్థం లేనిదని ఆ మీటరు పెట్టినవారికి తెలుసు.

కార్లలో ఈ ఆలోచన 1980లలో వచ్చింది. జర్మనీ బి.ఎం.డబ్ల్యూ. కార్లలో ఆకుపచ్చ దీపాలు వరుసగా ఉండేవి. వాడకాన్ని బట్టి ఒక్కొక్కటే ఆరిపోయి, చివరకు పసుపు, ఎరుపు వెలిగేవి. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు ఇంజను ఎన్ని చుట్లు తిరిగింది, ఆయిల్ ఎంత వేడెక్కింది అన్న లెక్కతో ఆయిల్ ఆయుష్షు కట్టే పద్ధతి తెచ్చారు. 2000 ప్రాంతంలో ఫోక్స్‌వ్యాగన్ వారు ఐరోపాలో రెండు పద్ధతులనూ కొనుగోలుదారు ముందే పెట్టారు. దూరప్రయాణాలు చేసేవారికి ప్రత్యేకమైన ఆయిల్‌తో ముప్పై వేల కి.మీ. లేదా రెండేళ్ల వరకు సాగే గడువు. ఊళ్లో చిన్న దూరాలు తిరిగేవారికి ఏడాది, పదిహేను వేలు. ఇందులోని కిటుకు ఆయిల్‌లో ఉంది. ఎక్కువ గడువు కావాలంటే దానికి తగిన ఆయిలే పోయాలి. మెర్సిడెస్ కంపెనీ మీద ఈ విషయమై అమెరికాలో కారు యజమానులు ఉమ్మడి దావా వేశారు. గడువు పెంచే కంప్యూటరు పెట్టి, సింథటిక్ ఆయిలే వాడాలని సరిగా చెప్పలేదని, ఇంజనులో మడ్డి పేరుకుందని వారి ఫిర్యాదు. 2003లో అది రాజీతో ముగిసింది.

ఇప్పుడు మన వాకిట్లోని కారు సంగతి. పాలకేంద్రానికి, గుడికి, బ్యాంకుకు రెండేసి కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తాము. అంతలో ఇంజను పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ, కాలని పెట్రోలు ఆవిరై పోక ఆయిల్‌లోనే ఉండిపోతాయి. అందుచేత తక్కువ తిరిగిన కారు ఆయిల్ బాగుంటుందన్నది సరికాదు. రెండవది దుమ్ము. వానాకాలం, యాసంగి కోతలప్పుడు మాడుగులపల్లి టోల్‌గేటు దగ్గర అరగంట నిలబడితే వడ్ల లారీల వెనుక లేచే దుమ్ము, పొట్టు ఎంతో కనబడుతుంది. చుట్లను, వేడిని లెక్కించే కంప్యూటరుకు ఈ దుమ్ము కనబడదు. మన దేశంలో మామూలుగా అమ్ముడయ్యే చాలా కార్లకు కంపెనీ పెట్టిన గడువు పది వేల కి.మీ. లేదా ఏడాది, ఏది ముందైతే అది. మన వాడకానికి ఆ ఏడాదే సరైనదని నా అభిప్రాయం. పైగా వారంటీ ఉన్నన్నాళ్లూ ఆ గడువు తప్పితే తరువాత మాట్లాడే హక్కు మనకు బలహీనపడుతుంది. కొడుకు చెప్పింది అబద్ధం కాదు. రోజూ హైవే మీద యాభై మైళ్లు పోయే అతని కారుకు అది నిజం.

అయితే సర్వీసు చేయించడం వేరు, వాళ్లు వ్రాసినదానికల్లా తల ఊపడం వేరు. ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేయడం, బ్రేకుల తనిఖీ – ఇవి కావాలి. ఇంజను ఫ్లషింగు, పైపూతలు, సువాసనల పద్దులు ఎస్టిమేటులో కనబడితే, అవి కారు పుస్తకంలో ఏ పేజీలో ఉన్నాయో చూపమని మర్యాదగా అడగండి. మనం ముప్పై ఏళ్లు బిల్లులు పాస్ చేసినవాళ్లం, ఆ మాత్రం అడగడానికి మొహమాటం అక్కర్లేదు. కోతల తరువాత మాత్రం గడువు చూడకుండా ఎయిర్ ఫిల్టరు ఒకసారి తీయించి చూడండి.

కిలోమీటర్లతో సంబంధం లేకుండా ముసలివయ్యేవి కొన్ని ఉన్నాయి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక సుమారు రెండేళ్లకు మార్పించాలి. వాడని బ్యాటరీ దానంతటదే దిగిపోతుంది. టైరు అరగకపోయినా రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. టైరు పక్కన అచ్చు వేసిన అక్షరాల చివర నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. కళ్లజోడు పెట్టుకొని, నాలుగు టైర్లకూ, స్టెప్నీకి కూడా చూసుకోండి.