గోదావరి లోయ శిలల్లో డైనోసార్ల యుగం

డైనోసార్లు సుమారు 23 కోట్ల సంవత్సరాల క్రితం అవతరించి, పక్షులుగా మిగిలిన శాఖ మినహా, 6.6 కోట్ల సంవత్సరాల క్రితం అంతరించాయి. ఈ సుదీర్ఘ చరిత్రలోని ముఖ్య దశలకు గోదావరి లోయ శిలలు సాక్ష్యమిస్తున్నాయి.

భారత భూభాగం గోండ్వానా మహాఖండంలో భాగంగా ఉన్నప్పుడు భూపటలం చీలి ప్రాణహిత–గోదావరి లోయ ఏర్పడింది. లోయ కుంగేకొద్దీ నదులు తెచ్చిన ఇసుక, మట్టి పొరలుగా పేరుకున్నాయి. సింగరేణి బొగ్గు డైనోసార్లకు పూర్వపు వృక్షసంపద అవశేషం. తరువాతి మలేరి ఎర్రమట్టి శిలల్లో ట్రయాసిక్ కాలపు తొలి డైనోసార్ల జాడలున్నాయి. జురాసిక్ కాలపు కోట శిలల్లో, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి వద్ద లభించిన శాకాహారికి పి. యాదగిరి 1988లో ‘కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్’ అని నామకరణం చేశారు. దాని అస్థిపంజరం హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. పొడవైన మెడ గల మహాకాయ డైనోసార్ల తొలి పరిణామాన్ని అది తెలుపుతుంది.

అనంతరం గోండ్వానా విచ్ఛిన్నమై భారత ఫలకం ఉత్తరదిశగా కదిలింది. క్రెటేషియస్ యుగాంతంలో దక్కన్‌లో లావా వెల్లువెత్తింది. ఆ ప్రవాహాల తూర్పు కొనలే రాజమహేంద్రవరం పరిసరాల నల్లరాతి పొరలు. వాటి మధ్యనున్న అవక్షేపాల్లోని సూక్ష్మజీవుల శిలాజాలు నాటి సముద్రతీర పరిస్థితులను సూచిస్తాయి. మెక్సికోలోని చిక్సులూబ్ వద్ద పడిన గ్రహశకలంతో పోలిస్తే మహావినాశంలో లావా పాత్ర ఎంత అన్న చర్చకు ఈ పొరలు కీలకం. అయితే ఆ రాయినే కంకర కోసం క్వారీల్లో తవ్వుతున్నారు. కంకరగా మారిన పొరను తిరిగి చదవడం అసాధ్యం. కనుక తవ్వకానికి ముందే వాటిని నమోదు చేయడం, కొన్ని కోతలనైనా యథాతథంగా రక్షించడం అవసరం.