క్రిస్మస్ ముందురోజు గృహప్రవేశం

గేటు దాటినా ఇల్లు కనబడదు. మూడు మైళ్ల దారి అడవిలోంచి మెలికలు తిరుగుతూ సాగి, చివరి మలుపులో ఉన్నట్టుండి ఆ భవనాన్ని కళ్లముందు నిలబెడుతుంది. ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ కావాలనే అలా మలిచిన దారి అది. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ రూపకర్తల్లో ఒకరాయన.

అమెరికాలోని నార్త్ కరొలైనా కొండల్లో, ఆష్‌విల్ ఊరి పక్కన ఉంది ఈ బిల్ట్‌మోర్ హౌస్. డిసెంబరులో షార్లెట్ నుంచి రెండు గంటలు ప్రయాణం చేసి వచ్చే బృందాల్లో తెలుగు కుటుంబాలూ ఉంటాయి. పిల్లల చూపు దీపాల మీద, పెద్దల చూపు పైకప్పు మీద.

రైల్వేలతో, ఓడలతో కోట్లు గడించిన వాండర్‌బిల్ట్ వంశంలో చిన్నవాడు జార్జ్. 1889లో పని మొదలుపెట్టించాడు. నక్షా గీసింది రిచర్డ్ మోరిస్ హంట్. సామాను మోయడానికి స్టేషన్ నుంచి ప్రత్యేకంగా పట్టాలు పరిచారు. అక్కడే పెట్టిన బట్టీలో రోజుకు 32,000 ఇటుకలు కాల్చారు. మొత్తం 250 గదులు, 65 ఫైర్‌ప్లేస్‌లు. 1895 డిసెంబరు 24న, ఇంకా పని మిగిలి ఉండగానే, 33 ఏళ్ల ఆ బ్రహ్మచారి తల్లినీ తోబుట్టువులనూ పిలిచి గృహప్రవేశం చేశాడు. అంటే ఈ ఇంటికి పండగ అలంకారం తర్వాత వచ్చి చేరింది కాదు, పుట్టుకతోనే ఉంది.

అన్నిటికన్నా ముచ్చటైనది విందుశాల. పొడవు 72 అడుగులు, పైకప్పు 70 అడుగుల ఎత్తు. అందులో క్రిస్మస్‌కు 35 అడుగుల ఫ్రేజర్ ఫర్ చెట్టును నిలబెడతారు. ఆ కొండల్లో సహజంగా పెరిగే జాతే అది. పదుల మంది సిబ్బంది భుజాల మీద లోపలికి మోసుకొచ్చి, తాళ్లు కట్టి, అటూ ఇటూ లాగుతూ నిటారుగా ఎత్తుతారు. తేరు లాగినట్టే ఉంటుంది ఆ సందడి. అంత చెట్టూ నిలబడ్డాక గదిలో సగం ఎత్తుకే వస్తుంది!

తొలి ఏడాది నుంచీ ఇక్కడి చెట్టు కింద కానుకలు ఇంటివాళ్లకే పరిమితం కాలేదు, పనివాళ్ల కుటుంబాలకూ పంచారు. 1898లో జార్జ్ భార్యగా వచ్చిన ఈడిత్ ఆ పద్ధతిని మరింత శ్రద్ధగా నడిపింది. పనివాళ్ల పిల్లల పేర్లు, వయసులు రాసిపెట్టుకుని మరీ బొమ్మలు కొనేది. ఆ భవన వైభవమంతటి కన్నా ఈ పేర్ల జాబితాయే గొప్పది.

1914లో జార్జ్ పోయాక, ఈడిత్ దాదాపు 87,000 ఎకరాల అడవిని ప్రభుత్వానికి అమ్మింది. అదే పిస్గా జాతీయ అరణ్యానికి పునాది. ఆర్థికమాంద్యం రోజుల్లో ఊరికి యాత్రికులు రావాలని 1930లో ఇంటి తలుపులు జనానికి తెరిచారు. రెండో ప్రపంచయుద్ధంలో వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ తన 62 చిత్రాలనూ 17 శిల్పాలనూ ఇక్కడే దాచింది. అవి ఉన్నది జార్జ్ పూర్తిచేయించలేకపోయిన సంగీతశాలలో. ఆ గది పని పూర్తయింది 1976లోనే.

2024 సెప్టెంబరు చివర హెలీన్ తుపాను ఆష్‌విల్‌ను ముంచెత్తింది. ఎస్టేట్ పల్లపు భాగాల్లోకి నీళ్లొచ్చాయి, గట్టు మీది భవనం నిలిచింది. నవంబరు 2న గేట్లు మళ్లీ తీసేసరికి లోపల క్రిస్మస్ దీపాలు వెలుగుతున్నాయి.