ప్రశ్నలో నిలిచిపోయిన ‘డూ’

ఇంగ్లిష్ నేర్చుకునే తెలుగు పిల్లలు మొదట తడబడేది పెద్ద మాటల దగ్గర కాదు, ‘డూ’ అనే చిన్న క్రియ దగ్గర. ‘హి నోస్’ అన్న పిల్లాడు ప్రశ్న వేయాలంటే ‘డజ్ హి నో’ అనాలి, కాదనాలంటే ‘హి డజ్ నాట్ నో’ అనాలి. చేయడం అనే అర్థం అక్కడ ఇసుమంతైనా లేదు. ఇంగ్లిష్‌కు దగ్గరి చుట్టాలైన జర్మన్, డచ్ భాషల్లో క్రియను కర్తకు ముందు పెడితే చాలు, ప్రశ్న అయిపోతుంది. ఇంగ్లిష్‌కు మాత్రం ఈ ‘డూ’ ఆసరా కావాలి. ఎవరో వైయాకరణులు కూర్చుని రాసిపెట్టిన నియమంలాగా దీన్ని బడిలో చెప్పేస్తుంటాం. చరిత్ర తిరగేస్తే సంగతి వేరుగా ఉంది. మామూలు జనం కొన్ని వందల ఏళ్లపాటు మాట్లాడుతూ మాట్లాడుతూ తేల్చుకున్న పద్ధతి ఇది. పండితులు వచ్చేసరికి దారి ఖరారైపోయింది.

తొలినాళ్ల ఇంగ్లిష్‌లో ‘డూ’కు చేయడం, పెట్టడం అనే అర్థాలుండేవి. తర్వాత కొన్ని ప్రాంతాల్లో చేయించడం అనే అర్థమూ బలపడింది. రాజు కోట ‘డిడ్ బిల్డ్’ అంటే కట్టించాడని. శ్రీకాళహస్తి గాలిగోపురాన్ని కృష్ణదేవరాయలు కట్టాడని మనమూ అంటాం. ఆయన రాయి మోయలేదని అందరికీ తెలుసు, అయినా కట్టాడు అన్నా కట్టించాడు అన్నా వినేవాడికి ఒకటే. సరిగ్గా ఇలాంటి వాక్యాల్లోనే ‘డూ’ తన బరువు దించుకుందని స్వీడన్ పండితుడు అల్వార్ ఎల్లెగోర్డ్ 1953లో వాదించాడు. 13వ శతాబ్దపు నైరుతి ఇంగ్లండ్ కవులకు ఈ ఖాళీ ‘డూ’ బాగా కలిసొచ్చింది. ముందు ‘డిడ్’ వేసుకుంటే అసలు క్రియను పాదం చివరికి నెట్టి అంత్యప్రాస కలుపుకోవచ్చు.

16వ శతాబ్దానికి ఇది వచనంలోకీ పాకింది. ప్రశ్నల్లోనే కాదు, మామూలు వాక్యాల్లోనూ ‘డిడ్ ఈట్’, ‘డిడ్ గో’ అని ఏ ఒత్తూ లేకుండా రాసేవారు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ నిండా ఈ వాడుక కనిపిస్తుంది. షేక్‌స్పియర్ నాటకాల్లో ‘డూ’ ఉన్న ప్రశ్నలూ, లేని ప్రశ్నలూ పక్కపక్కనే ఉంటాయి. ఎల్లెగోర్డ్ వందలాది గ్రంథాలు, ఉత్తరాలు వెతికి లెక్క తీస్తే, మామూలు వాక్యాల్లో ‘డూ’ 16వ శతాబ్దం రెండో సగంలో సుమారు పదింట ఒక వంతుకు చేరి, అక్కడి నుంచి పడిపోయింది. ప్రశ్నల్లో మాత్రం పెరుగుతూనే పోయింది. నా వాదనకు ఆయువుపట్టు ఈ తేడాయే. విభక్తి ప్రత్యయాలు రాలిపోయాక ఇంగ్లిష్ వాక్యంలో ఎవరు ఎవరిని అన్నది చెప్పేది పదాల వరుసే. కర్త, క్రియ, కర్మ ఆ వరుసలో ఉండాల్సిందే. ప్రశ్న కోసం క్రియను ముందుకు లాగితే వరుస చెదురుతుంది. ‘డూ’ను ముందు నిలబెడితే ప్రశ్న ప్రశ్నగానే వినిపిస్తుంది, వెనక వరుస కదలదు. పని ఉన్నచోట ‘డూ’ నిలిచింది, లేనిచోట రాలిపోయింది. ‘కెన్’, ‘విల్’ లాంటి సహాయక క్రియలున్న వాక్యాల్లో ఆ పని అవే చేస్తాయి కాబట్టి అక్కడికి ‘డూ’ రానేలేదు. నోట బాగా నలిగిన ‘నో’, ‘డౌట్’ లాంటి క్రియలు చాలాకాలం మొండికేశాయి. ‘ఐ నో నాట్’ అనే పాత పలుకు తర్వాతి తరాల రచనల్లోనూ వినబడటానికి కారణం అదే. ఎవరో ఒకరు నియమం పెట్టి ఉంటే అన్ని క్రియలూ ఒక్కసారే లొంగేవి.

మామూలు వాక్యాల్లోంచి ‘డూ’ను వెళ్లగొట్టింది పండితులే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, అలెగ్జాండర్ పోప్ 1711లో కవిత్వంలో ఊతపదంగా వాడే ‘డూ’ను ఎగతాళి చేశాడు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువుకు జతచేసిన వ్యాకరణంలో దాన్ని దోషమన్నాడు. కానీ పతనం మొదలై అప్పటికే వందేళ్లు దాటింది. అచ్చు పుస్తకాల్లో మిగిలిన ఛాయలను వాళ్లు తుడిచి ఉండొచ్చు, అంతవరకు ఒప్పుకోవాలి. డోర్సెట్ పల్లెల్లో ఆ మాటా చెల్లలేదు. అక్కడి రైతులు అలవాటుగా చేసే పనులను చెప్పడానికి ఒత్తి పలకని ‘డూ’ను వాడుతూనే వచ్చారు. విలియం బార్న్స్ 19వ శతాబ్దంలో ఆ మాండలికంలోనే కవిత్వం రాశాడు.

రెండో అభ్యంతరం ఇంకాస్త బలమైనది. వెల్ష్, కార్నిష్ భాషల్లోనూ చేయడం అనే క్రియను ఇలా ఆసరాగా వాడతారు కాబట్టి, ఇంగ్లిష్ దాన్ని అక్కడి నుంచే తెచ్చుకుందని జాన్ మెక్‌వోర్టర్ వంటివారు అంటారు. తొలి ఆధారాలు ఆ భాషల పొరుగున ఉన్న నైరుతి మూలలోనే దొరకడం ఈ వాదానికి బలం. అయితే ఆ భాషల్లో ఈ క్రియ మామూలు వాక్యాల్లోనూ ధారాళంగా నడుస్తుంది. ఇంగ్లిష్‌లో అది ప్రశ్నకూ నిషేధానికీ ఎందుకు పరిమితమైందో ఈ వాదం చెప్పలేదు. పైగా జర్మన్ మాండలికాల్లోనూ ఇలాంటి వాడుక ఉంది. ఒకవేళ విత్తనం వెల్ష్, కార్నిష్‌లదే అనుకున్నా, దాన్ని తెచ్చి నాటింది సరిహద్దు పల్లెల్లో ఇరుగుపొరుగు మాటలే.

మామూలు వాక్యంలో ఒత్తి చెప్పేటప్పుడు తప్ప కనబడకుండా పోయిన ‘డూ’, దస్తావేజుల భాషలో మాత్రం బతికే ఉంది. మన కోర్టుల్లో ఇంగ్లిష్ అఫిడవిట్ రాసేవారు ఇప్పటికీ దాంతోనే మొదలుపెడతారు. 1949 నవంబర్ 26న ఆమోదించిన రాజ్యాంగ పీఠికలోనూ అది ఉంది. భారత ప్రజలమైన మేము అని మొదలైన వాక్యం ఎన్నో ఆశయాలను చుట్టివచ్చి, అంగీకరిస్తున్నామని చెప్పేముందు ‘డూ’ దగ్గర ఆగుతుంది. ఇంగ్లిష్ మాస్టార్లకు ఒక్క విన్నపం: ‘డూ’ పాఠం చెప్పే రోజు పిల్లల చేత ఆ పీఠిక తీయించి, ఆ మాట కింద గీత గీయించండి. దాని వయసెంతో, అది ఎవరి నోట పెరిగిందో ఆ తర్వాత చెప్పండి.