చాందా రైలు గొడవ: జాతీయోద్యమమా, జమాఖర్చుల తగాదానా?

పోటీ పరీక్షల పుస్తకాల్లో చాందా రైల్వే పథకానికి మూడు వాక్యాలు దక్కుతాయి. 1883లో అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం దాన్ని వ్యతిరేకించారు. మే 20న అఘోరనాథ్‌ను రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. హైదరాబాదులో జాతీయ చైతన్యానికి ఇదే నాంది. మొదటి రెండింటితో నాకు తగాదా లేదు. మూడోదానికి ఆధారమేమిటో ఆ పుస్తకాలు చెప్పవు, చదివేవాళ్లూ అడగరు.

ఈ మాటకు బలం చేకూర్చింది 1956లో వెలువడిన హైదరాబాదు స్వాతంత్ర్య పోరాట చరిత్ర రెండో సంపుటం. ఆ సంపాదకులు పోగుచేసిన సామగ్రి లేకపోతే మనం ఇవాళ ఈ విషయం మాట్లాడుకోగలిగేవాళ్లం కాదు. అయితే 1857లో మొదలై 1885లో ముగియాలని ముందే గీత గీసుకున్న పుస్తకం అది. రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్ దాడికీ కాంగ్రెస్ పుట్టుకకీ నడుమ ఉన్న ఖాళీని ఏదో ఒకదానితో పూడ్చాలి. చాందా గొడవ చేతికి అందింది. తరవాతి వాళ్లంతా ఆ వరసనే కాపీ కొట్టారు.

పథకాన్ని వ్యతిరేకించినవాళ్లు ఎవరో చూడాలి. అఘోరనాథ్ హైదరాబాదు కాలేజీ ప్రిన్సిపాలు, అబ్దుల్ ఖయ్యూం సర్కారు ఉద్యోగి. ఇద్దరూ నిజాం ఖజానా నుంచి జీతం తీసుకుంటున్నవాళ్లే. 1883 ఫిబ్రవరి 8న మొదటి సాలార్‌జంగ్ చనిపోయాడు. మహబూబ్ అలీఖాన్ ఇంకా మైనరు. పరిపాలన పేష్కార్ నరేంద్ర ప్రసాద్, అమీరులతో కూడిన మండలి చేతికి వచ్చింది. లండన్‌లో కంపెనీ పెట్టి, సికింద్రాబాదు నుంచి వరంగల్ మీదుగా ఒకవైపు చాందాకూ ఇంకోవైపు బెజవాడకూ లైను వేసే ఒప్పందం అప్పుడు ఆ మండలి ముందుంది. షరతులు బయటపెట్టండి, ఆ తరవాతే సంతకం చెయ్యండి అన్నది వీళ్ల కోరిక. ఇందులో పరాయి పాలన పోవాలన్న మాట ఎక్కడుంది? ఇది సర్కారు కొలువులో ఉన్నవాళ్లు సర్కారు తరఫున వెలిబుచ్చిన ఆందోళన. దేవిడీల మధ్య నడిచే కాగితం తమకూ చూపించమన్నారు, అంతే.

షరతుల్లో అసలు ముల్లు గ్యారంటీ. కంపెనీ పెట్టుబడి మీద ఏటా 5 శాతం వడ్డీకి 20 ఏళ్లపాటు నిజాం ప్రభుత్వం పూచీ. లెక్క ఏ మునీమైనా నోటితో చెప్పేస్తాడు: ఐదు ఇరవైలు వంద. రైలుకు రాబడి లేకపోతే 20 ఏళ్లలో అసలంత వడ్డీ ఖజానా నుంచి పోతుంది. అప్పుడు కూడా లైను మాత్రం కంపెనీదే. పైగా వాటాలు లండన్‌లో, పౌన్లలో. మన ఖజానాకు వచ్చేది వెండి. 1870ల మొదట్లో బ్రిటిష్ ఇండియా రూపాయికి 2 షిల్లింగులకు దగ్గరగా పలికేది. 1883 నాటికి 19 పెన్నీల చిల్లరకు దిగింది, 1894-95లో సుమారు 13 పెన్నీలు. హాలీ సిక్కా విలువ దానికన్నా తక్కువ. అంటే పౌన్లలో పెరగని వడ్డీ కూడా తాలూకాల శిస్తులో కొలిస్తే ఏటికేడాది పెరుగుతుంది. వెండి ఇంత పడుతుందని 1883లో ఎవరికీ తెలియకపోవచ్చు, పడుతోందని మాత్రం బజారులో సర్రాఫులందరికీ తెలుసు.

అనుభవం కూడా లేకపోలేదు. 1874లో తెరిచిన వాడి లైను నిజాం డబ్బుతో వేసిందే. అది చేరింది సికింద్రాబాదు దండుకు. చార్మినార్ వైపు వాళ్లు రైలెక్కాలంటే మూసీ దాటి పోవాల్సిందే.

ఇక ఈ కొత్త లైను మనుషుల కోసం కాదు, సరుకు కోసం, అందులోనూ ముఖ్యంగా బొగ్గు కోసం. ఇల్లెందు దగ్గర బొగ్గును విలియం కింగ్ 1870ల మొదట్లోనే గుర్తించాడు. గని ఉన్నా దాన్ని కదిలించే దారి లేదు. ఒప్పందం 1883 డిసెంబరులో కుదిరింది, రైలు 1886లో వరంగల్ చేరింది, 1888లో డోర్నకల్, 1889లో బెజవాడ. సింగరేణి తవ్వకం 1889లోనే మొదలైంది. ఈ తేదీలు పక్కపక్కన పెడితే గని, రైలు ఒకే బేరమని నా అభిప్రాయం. రైలు ఒప్పందంలో నిజాం పక్షాన నడిచిన అబ్దుల్ హఖ్‌దే 1886 నాటి గనుల ఒప్పందంలోనూ పెత్తనం. గనుల కంపెనీ మూలధనం 10 లక్షల పౌన్లు. లక్ష వాటాల్లో 85 వేలు పైసా కట్టకుండా గనుల హక్కు పొందినవాళ్లకు పోయాయి. అందులో తనకు రహస్యంగా దక్కిన వాటాల్లో కొన్నిటిని అబ్దుల్ హఖ్ నిజాం ప్రభుత్వం చేతే కొనిపించాడు. 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారణ దాకా వెళ్లిన వ్యవహారమిది. కాగితాలు చూపించమన్న 1883 నాటి కోరిక నెరవేరి ఉంటే ఈ దోపిడీ జరిగేది కాదు.

అబ్దుల్ ఖయ్యూం ఆ తరవాత కాంగ్రెస్‌ను బాహాటంగా సమర్థించిన మాట నిజమే. 1883లో అతను ఏమడిగాడో దాన్నిబట్టి తేల్చలేం.

నిజానికి హైదరాబాదులో ఆ తరవాత వచ్చిన ప్రతి పౌర ఆందోళనకూ బీజం ఈ గ్యారంటీ తగాదాలోనే ఉందంటాను. ముల్కీ (స్థానికులు), గైర్‌ముల్కీ (బయటివాళ్లు) పోరుతో సహా. అఘోరనాథ్ బెంగాలీ, అబ్దుల్ ఖయ్యూం మద్రాసువాడు, ఇద్దరూ గైర్‌ముల్కీలే కదా అని ఎవరైనా అడగవచ్చు. సర్కారు సొమ్ముకు కాపలా కాసినవాడు ఎక్కడివాడైతేనేం?

ఒకటి మాత్రం ఆ అర్జీదార్లూ పట్టించుకోలేదు. లైను పోయేది మానుకోట, ఖమ్మం తాలూకాల తెలుగు రైతు పొలాల్లోంచి. ఆ రైతును మండలీ అడగలేదు, మండలిని నిలదీసిన వాళ్లూ అడగలేదు. చర్చంతా నగరం లోపలే ముగిసింది.

అఘోరనాథ్‌ను 1885లో తిరిగి రానిచ్చారు. గొడవకు పేరిచ్చిన చాందా వైపు లైను, కాజీపేట నుంచి బల్లార్షా దాకా, 1929కి గానీ పూర్తికాలేదు. 1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం రైల్వేను కంపెనీ నుంచి కొనుక్కుంది. పూచీపడి వడ్డీ కట్టిన లైనుకే మళ్లీ ధర కూడా చెల్లించింది.